నల్లమట్టి దాకా

కాగ్నా ఒడ్డు, తాండూరు
అక్టోబరు

యోబుకు,

వదిన శ్యామల రాస్తున్నాను. మొన్న జైలు ములాఖత్‌లో ఇనుప జాలీకి అటు నువ్వు, ఇటు మేము. చుట్టూ అందరూ ఒకేసారి అరుస్తుంటే మీ అన్నకు నోరే పెగల్లేదు. రైలు ధారూర్ దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా "తమ్ముడు సన్నగైండు" అన్నాడు. అంతే. అక్కడ చెప్పలేనివి కాగితం మీదైనా చెప్పుకుందామని ఇది మొదలుపెట్టాను.

నీ జామీను రెండోసారి కూడా కొట్టేశారు. మనిషిని చంపబోయాడన్న కేసు కాబట్టి ఆలస్యమవుతుందని వకీలు సారు అంటున్నాడు. ధైర్యంగా ఉండు.

పొలం సంగతి చెబుతాను. వరద తీశాక ఇసుక ఎండి తెల్లబడింది. మన చేను మొత్తం నడుము లోతు మేట. కంది కొసలు అక్కడక్కడ పుల్లల్లా కనిపిస్తాయి. మీ అన్న పొద్దున్నే పార పట్టుకుని పోయి ఒకచోట గుంత తవ్వుతాడు. కింద నల్లమట్టి తగలగానే పిడికెడు తీసి, వాసన చూసి, మళ్లీ పూడ్చేస్తాడు. ఎందుకని అడిగితే "ఉన్నదో లేదో సూస్తున్న" అంటాడు.

ఒక మంచి మాట కూడా ఉంది. వ్యవసాయ శాఖ నుంచి ఏఈవో మేడం వచ్చింది. పేరు భవ్యశ్రీ, చిన్న పిల్ల. చెప్పులు విడిచి చేనంతా తిరిగి, ఇనుప కడ్డీ గుచ్చి మేట లోతు చూసింది. ఇసుక మేట వేసిన భూములకు సర్కారు అత్యవసర సాయం ఇస్తుందట.

"శ్రీనన్నా, సగం ముందు వస్తది, సగం పని అయినంక. ఇసుక మాత్రమే తియ్యాలె. నల్లమట్టి తగిలిన కాడ ఆగిపోవాలె. అండ్లకు దిగిండ్రంటే సాయం బంద్, ఇచ్చింది కూడ వాపస్ కట్టాలె" అంది.

మీ అన్న నవ్వాడు. నువ్వు పోయాక అతను నవ్వడం అదే మొదలు. "మట్టినెవడన్న తవ్వుకుంటడా మేడం" అన్నాడు.

నువ్వు అన్నం తింటున్నావా? రాయి.

శ్యామల

*

వికారాబాద్
అక్టోబరు ఆఖరు

వదినకు, అన్నకు వందనాలు.

నీ ఉత్తరం చదివి మడిచి, మళ్లీ విప్పి చదివాను. పక్కనున్న పెద్దయ్య అనే ముసలాయన "లగ్గం కుదిరిందా ఏంది?" అని నవ్వాడు.

ఆ రోజు ఏం జరిగిందో నీకు నేను సరిగా చెప్పలేదు. మీరు వచ్చేసరికే పోలీసులు వచ్చేశారు. నీళ్లు తీసిన వెంటనే ఇసుక దందా చేసే మల్లికార్జున్ ట్రాక్టర్లు మన చేన్లోకి దిగాయి. నేను అడ్డం నిలబడ్డాను. మల్లికార్జున్ గట్టు మీద బండి దిగకుండానే "ఏటి ఇసుక ఇది. నీ అబ్బ సొమ్మా?" అన్నాడు. నాకు కోపం అతని మీద. కానీ ట్రాక్టర్ దిగి నా దగ్గరికి వచ్చింది డ్రైవర్. "తమ్మీ, జర పక్కకు జరుగు, నా కూలి పోతది" అంటున్నాడు. నా చేతిలో పార ఉంది. ఎత్తి కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

అతని పేరు కుమారస్వామి అని తర్వాత తెలిసింది. బొంరాస్‌పేట నుంచి కూలికి వచ్చిన మనిషి. ట్రాక్టర్ అతనిది కాదు, ఇసుకా అతనిది కాదు. అతని చెయ్యి ఎట్లా ఉందో కనుక్కుని రాయి వదినా. తప్పకుండా రాయి.

సర్కారు సాయం తీసుకోండి. బ్లేడు ట్రాక్టర్ పెట్టించి మేటను ఏటి వైపు నెట్టించండి. మల్లికార్జున్ మనుషులను మాత్రం గట్టు ఎక్కనివ్వొద్దు. వాళ్లు ఇసుకతో ఆగరు. పక్క ఊళ్లో వాళ్లు దిగిన చేన్లు మడుగులయ్యాయి, చూశాం కదా. అమ్మకు పట్టా ఇచ్చిననాడు అది రాళ్ల గుట్ట. ఆమె తట్టతో రాళ్లు మోసి మోసి దాన్ని చేను చేసింది.

యోబు

*

తాండూరు
నవంబరు

యోబుకు,

సాయం మొదటి సగం వచ్చింది. అయినా పని మొదలు కాలేదు. తాండూరులో ఏ బ్లేడు ట్రాక్టర్ వాడినడిగినా ముందు సరేనంటాడు, మన చేను పేరు చెప్పగానే బండి ఖరాబైందంటాడు. మల్లికార్జున్ అందరికీ చెప్పి పెట్టాడు. మీ అన్నా నేనూ తట్టలతో మొదలుపెట్టాం. పొద్దంతా మోస్తే పట్టెమంచమంత జాగా తేలుతుంది. గాలికి మళ్లీ కప్పుకుంటుంది. యాసంగి పంటకు విత్తకపోతే మిగతా సగం సాయం రాదని భవ్యశ్రీ మేడం గుర్తు చేసి పోయింది. పని ఎంతవరకు అయిందని ఆమె పైవాళ్లు ఆమెను అడుగుతున్నారు.

మల్లికార్జున్ నిన్న ఇంటికి వచ్చాడు. అరవలేదు. కుర్చీ తనే లాక్కుని కూర్చున్నాడు.

"శ్రీనూ, నీ తమ్ముడు లోపల ఉంటె నాకేం ఖుషీ? కుమారస్వామి కోర్టుల 'నేనే జారి పడ్డ' అంటె అయిపాయె. నేను అనిపిస్త. ఇసుక నాకిడిసిపెట్టు. నీ చేను సాఫ్ అయితది, నీ తమ్ముడు ఇంటికొస్తడు."

అతను పోయాక మీ అన్న ఆ కుర్చీని బయట పెట్టి కడిగాడు.

కుమారస్వామి చెయ్యికి కడ్డీ వేశారట. వేళ్లు ముడుచుకోవడం లేదట. అడిగావు కాబట్టి రాస్తున్నాను.

నువ్వేమంటావు?

శ్యామల

*

వికారాబాద్
నవంబరు

వదినా,

వద్దు. ఒక్క తట్ట కూడా వద్దు.

కొట్టింది నేను. కోర్టులో అడిగితే కొట్టానని చెప్తాను. ఒకరి చెయ్యి విరగ్గొట్టి, అతనితోనే అబద్ధం చెప్పించి, దానికి బదులు అమ్మ భూమి ఇచ్చి బయటికి రావాలా? అట్లా వచ్చి ఏ మొహం పెట్టుకుని తిరుగుతాను? శిక్ష పడితే పడనీ. చేను ఉంటే వచ్చాకైనా దున్నుకుంటాను.

అన్నకు చెప్పు. తను నా మాట వినడు, నీ మాట వింటాడు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు నువ్వు మా ఇంటికి వచ్చావు. అప్పటినుంచి నా మాటలు అన్నకు చేరవేసేది నువ్వే కదా. ఇది కూడా చేరవెయ్యి.

యోబు

*

తాండూరు
డిసెంబరు

యోబుకు,

నీకు సంతోషం కలిగించే మాట. పని మొదలైంది. నవాబుపేటలో మా మేనమామ వాళ్లకు తెలిసినవాళ్లున్నారు, మిషను అక్కడినుంచి వచ్చింది. మీ అన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే. ఒక కర్రకు గీత పెట్టుకున్నాడు. మిషను కొంచెం తోడగానే దిగి, కర్ర గుచ్చి, "ఆగు ఆగు, మట్టి దగ్గరికొచ్చినవ్" అని అరుస్తాడు. అన్నం అక్కడికే పట్టుకుపోతున్నాను.

ఇంకొక మాట. కుమారస్వామికి మనసు మారినట్టుంది. నీ మీద పగ లేదని ఎవరితోనో అన్నాడట. సంక్రాంతిలోపు నువ్వు వస్తావేమో. వకీలు సారు కూడా ఆశగానే ఉన్నాడు. కోర్టులో అడిగినదానికే జవాబు చెప్పు. అడగనిది చెప్పకు.

శ్యామల

*

వికారాబాద్
క్రిస్మస్ మర్నాడు

వదినా, అన్నా,

ఎన్నాళ్లకో కంటి నిండా నిద్రపోయాను. పాస్టరు గారు వచ్చి పాటలు పాడించారు. పెద్దయ్యకు మన పొలం కథంతా చెప్పాను. "మీ అన్న మంచోడురా" అన్నాడు.

కుమారస్వామి సంగతి నిజమేనా? అతను క్షమించాడా? బయటికి రాగానే ముందు అతనింటికే పోతాను.

మిషను వాళ్లు ఇసుకను ఎక్కడ పోస్తున్నారు? ఏటి వైపా, దక్షిణం గట్టు మీదా? ఎంతవరకు తేలింది? శనగ విత్తడానికి పదును ఉందా? అన్నను ఒక్కసారి ములాఖత్‌కు రమ్మను. తన నోట వినాలని ఉంది.

యోబు

*

తాండూరు
జనవరి

యోబుకు,

ఇసుక తీయడం అయిపోయింది.

మీ అన్నకు నడుము పట్టేసింది, రైలెక్కలేడు. నేను కూడా ఇప్పుడప్పుడే రాలేను. సంక్రాంతికి అనుకున్న నీ వాయిదా వచ్చే నెలకు పోయింది. ఆ రోజు వకీలు సారు చెప్పినట్టు చెయ్యి. కుమారస్వామి ఏం చెప్పినా నువ్వు తలవంచుకుని ఊరుకో. నన్ను అమ్మలాగా అనుకుంటే నా ఈ ఒక్క మాట విను.

చలి ఎక్కువగా ఉంది. దుప్పటి పంపాను.

శ్యామల

*

ధారూర్
ఫిబ్రవరి

యోబుకు,

ఇది నువ్వు గేటు దాటాకే నీ చేతికి ఇమ్మని వకీలు సారుకు ఇచ్చాను. ఎవరికోసమూ చూడకు. ఎవరూ రారు. పక్కన చెట్టు కింద ఎక్కడైనా కూర్చుని చదువు.

మీ అన్న లేడు. క్రిస్మస్ అయిన వారానికి పోయాడు.

నవాబుపేట నుంచి ఏ మిషనూ రాలేదు. వచ్చింది మల్లికార్జున్ జేసీబీ. నీ ఉత్తరం నేను మీ అన్నకు చదివి వినిపించాను, ఒక్క అక్షరం దాచలేదు. అంతా విన్నాడు. తర్వాత అన్నాడు: "భూమి పోతె కూలి చేసుకుంట. తమ్ముడు పోతె నేనేం చేసుకోవాలె?" మల్లికార్జున్ దగ్గరికి తనే పోయాడు. ఒక్కటే అడిగాడు, ఇసుక తప్ప మట్టి ముట్టొద్దని. అతను తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు.

కర్ర పట్టుకుని కాపలా ఉన్నమాట నిజం. మొదట్లో విన్నారు. తర్వాత మీ అన్న రాత్రి ఇంటికి వచ్చిన సమయం చూసి దిగడం మొదలుపెట్టారు. నల్లమట్టి తోడి ఒక పక్కన పోసి, దాని కింద పాత ఏటి ఇసుక ఉందని ఇంకా కిందికి పోయారు. ఇద్దరు మనుషుల లోతు. మట్టిని కూడా ఇటుక బట్టీలకు పంపారు. మీ అన్న అడిగితే "సాఫ్ చేస్తున్నం గదా" అన్నారు.

ఆ రోజు అన్నం పట్టుకుని నేను గట్టు ఎక్కేసరికి అతను గుంతలోకి దిగి మిషను ముందు నిలబడి ఉన్నాడు. "బంద్ చెయ్, బంద్ చెయ్!" అంటున్నాడు. పైనుంచి మల్లికార్జున్ "నువ్వు నడుపురా, వాడే జరుగుతడు" అన్నాడు. మిషను కదిలింది. ఆ అదురుకు వెనకనున్న అంచు కూలింది. మీ అన్న అటు తిరిగి చూశాడు. అంతే చూశాను నేను.

అందరూ పైనే నిలబడ్డారు. దిగింది ఒక్క కుమారస్వామి. లెక్కలు చూసుకొమ్మని అతన్ని అక్కడ పెట్టారట. ఒక్క చేత్తో తవ్వాడు. నేను రెండు చేతులతో తవ్వాను. ముఖం బయటపడేసరికి అయిపోయింది.

తన చేన్లో తనే గుంత తవ్వుకుంటూ పడ్డాడని మల్లికార్జున్ చెప్పాడు. నేను కాదనలేదు. కాదంటే నీ కేసు ఏమవుతుందో నాకు తెలుసు. నీకు తెలిస్తే నువ్వు కోర్టులో ఏం చేస్తావో కూడా తెలుసు. అన్నను మట్టి చేసేనాటికి నిన్ను రానిస్తారని వకీలు అన్నా నేనే వద్దన్నాను. అతను దేనికోసం పోయాడో అది జరగాలి అనుకున్నాను. ఊళ్లో ఒక్కొక్కరి ఇంటికీ పోయి, నీకు కబురు చెప్పొద్దని బతిమాలాను.

నాకు ఆ ఇంట్లో పడుకోవడం చేతకాక అమ్మ దగ్గరికి ధారూర్ వచ్చాను. తాళంచెవి పక్కింటి శంకరమ్మ దగ్గర ఉంది. బియ్యం డబ్బాలో ఉన్నాయి.

శ్యామల

*

తాండూరు
ఫిబ్రవరి

వదినా,

ఉత్తరం చదివి స్టేషన్ దాకా ఎట్లా నడిచానో తెలియదు. కోర్టులో కుమారస్వామి "నేనే జారి పడ్డ" అన్నప్పుడు నేను తలవంచుకుని నిలబడ్డాను. నన్ను క్షమించాడనుకుని కళ్లలో నీళ్లు పెట్టుకున్నాను. అప్పటికి అన్న పోయి నెల దాటింది.

నీ మీద అరవాలని ఉంది. అరవలేను.

చేను దగ్గరికి పోయాను. చేను లేదు. ఆకుపచ్చ నీళ్లు నిండిన గుంత ఉంది. ఉత్తరం వైపు మాత్రం ఎకరం కంటే తక్కువ నేల మిగిలింది. దాని అంచు కూడా బీటలు తీసింది. భవ్యశ్రీ మేడం కొలతలు తీసుకుంటూ కనిపించింది. నన్ను చూసి లేచి నిలబడింది.

"నేను ముందే వచ్చి ఉంటె..." అని ఆగిపోయింది. తర్వాత చెప్పింది. మిగతా సగం సాయం రద్దయింది. మొదటి సగం వాపస్ కట్టమని నోటీసు వస్తుంది. మన భూమిని సాగుకు పనికిరానిదిగా రాయక తప్పలేదట. "యోబన్నా, గుంత లోతెంతో, మిషను బకెట్ పండ్ల గుర్తులేవో అన్నీ రాసిన. కానీ తవ్వింది ఎవరని నేను రాయలేను. కండ్లతోని చూసినోళ్లు చెప్పాలె."

అక్కడినుంచి బొంరాస్‌పేట పోయాను. కుమారస్వామి నన్ను చూసి లోపలికి పోలేదు. ఎడమ చేత్తో మంచం వాల్చి కూర్చోమన్నాడు. ఆ కుడి చెయ్యి చూశాను వదినా. వేళ్లు ఎండిన చిక్కుడు కాయల్లా ఉన్నాయి. దండం పెట్టబోతే ఆపాడు.

"నీ మీద కోపం పోలేదు తమ్మీ. కానీ మీ అన్న మొకం నాకు అన్నం తిననిస్తలేదు. మల్లికార్జున్ నడుపుమన్నది నా చెవులతోని విన్న. చెప్పుమంటె చెప్త."

వకీలు సారుకు ఈ మాట చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "వాడు మొన్ననే కోర్టుల ప్రమాణం చేసి జారి పడ్డనన్నడు. ఇప్పుడు వాని మాట ఎవరు నమ్ముతరు? నిన్న అబద్ధం చెప్పినోడు ఇయ్యాల నిజం చెప్తుండని ఎట్ల అంటవు అని అవతలి వకీలు ఒక్క ప్రశ్న వేస్తె అయిపాయె." నన్ను వదిలింది జామీను మీదే, తీర్పు ఇంకా రాలేదు. అతని మాట నిలవాలంటే ముందు నా కేసులో నిజం బయటపడాలి. నేను కొట్టానని నేను ఒప్పుకోవాలి. మల్లికార్జున్ బెదిరిస్తే అబద్ధం చెప్పానని అతను ఒప్పుకోవాలి. నాకు శిక్ష పడవచ్చు. అతనికీ చిక్కే. అతను సరే అన్నాడు.

నువ్వు ఊ అనాలి.

యోబు

*

ధారూర్
మార్చి

యోబూ,

ఊ అనను.

నిన్ను బయటికి తేవడానికి మీ అన్న మట్టిలో కూరుకుపోయాడు. నువ్వు ఇప్పుడు నీ అంతట నువ్వే లోపలికి పోతానంటున్నావు. అయితే అతను దేనికి పోయినట్టు? చెప్పు. నేను నెలంతా దుఃఖం మింగి, నీకు దుప్పటి పంపి, నడుము నొప్పి అని రాసింది దేనికి?

మల్లికార్జున్‌కు శిక్ష పడితే నా మనిషి లేస్తాడా? నాకు మిగిలింది నువ్వొక్కడివి. కూలి చేసుకుని బతుకు. పెళ్లి చేసుకో. ఆ గుంత వైపు పోకు.

మాట వినకపోతే మళ్లీ నాకు రాయకు.

శ్యామల

*

వికారాబాద్
మార్చి ఆఖరు

వదినా,

రాయొద్దన్నావు. ఇది ఒక్కటి చదువు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని చాలా రోజులు తిరిగాను. ఇటుక బట్టీలో కూలికి పోయాను. అక్కడ కుప్ప పోసిన మట్టి నల్లగా ఉంది. ఎవరి చేనిదో తెలియదు. నేను దాన్ని తొక్కలేకపోయాను. మధ్యాహ్నానికే లేచి వచ్చేశాను.

అన్న నన్ను ఇంటికి తెచ్చుకోవాలనుకున్నాడు. నేను వచ్చాను, తాళం తీశాను, ఆ ఇంట్లో ఉన్నాను. తన చేన్లో తనే గుంత తవ్వుకుని చచ్చాడని ఊరంతా అనుకుంటుంటే వింటూ ఉన్నాను. అది వింటూ నేను బతకలేను వదినా. తప్పు మా అన్నది కాదని ఒక కాగితంలోనైనా ఉండాలి.

కుమారస్వామి, నేను కలిసే కోర్టుకు పోయాం. నేను కొట్టానని చెప్పాను. అతను విన్నది చెప్పాడు. నన్ను మళ్లీ ఇక్కడికి పంపారు. పెద్దయ్య ఇంకా ఇక్కడే ఉన్నాడు. నన్ను చూసి చాప జరిపి జాగా ఇచ్చాడు.

నువ్వు కళ్లారా చూశావు. నిన్ను పిలుస్తారు. రాకపోయినా నేను ఏమీ అనుకోను.

యోబు

*

తాండూరు
మే

యోబుకు,

పిలిచారు, పోయాను. చూసింది చెప్పాను. మిషను కదలమన్నది ఎవరని అడిగితే చెయ్యి చాపి మల్లికార్జున్‌ను చూపించాను. రాసుకునేదాకా దించలేదు. అతన్ని తీసుకుపోయారు. పది రోజులకు జామీను మీద వచ్చాడు. తెల్ల బండిలో మన ఇంటి ముందు నుంచే పోతాడు. కేసు ఎన్నేళ్లు పడుతుందో వకీలు సారుకు కూడా తెలియదు. కుమారస్వామిని ఎవరూ పనికి పిలవడం లేదు. నువ్వు బాధపడతావని తెలిసినా దాచడం లేదు. ఇక నీకు ఏదీ దాచను.

నోటీసు వచ్చింది. భవ్యశ్రీ మేడం పైవాళ్లకు అర్జీ రాయించింది, జవాబు రాలేదు. ఈసారి వానలకు ముందు పొలాల అంచులు కాపాడుకోవడానికి మళ్లీ ఏదో సాయం వచ్చిందట. లిస్టులో మన పేరు లేదు. పనికిరాని భూమికి సాయం ఉండదు కదా.

నేను ధారూర్ నుంచి వచ్చేశాను. బండల పాలిషింగ్ దగ్గర పనికి పోతున్నాను. అక్కడ పగిలిన నాపరాళ్లు గుట్టలుగా పడి ఉంటాయి, తీసుకుపోతే సేటు ఏమీ అనడు. పని అయ్యాక ఆటోలో వేయించుకుని ఉత్తరం అంచు దగ్గర పేరుస్తున్నాను. శంకరమ్మ సాయం వస్తుంది. కుమారస్వామి కూడా రెండుసార్లు వచ్చాడు, ఎడమ చేత్తో అందిస్తాడు. వరద వచ్చేలోపు కట్టకపోతే ఆ మిగిలిన ముక్క కూడా గుంతలోకి జారుతుంది. కట్టినా నిలుస్తుందో లేదో తెలియదు.

నీ మీద నా కోపం తగ్గలేదు. మంగళవారం ములాఖత్‌కు వస్తున్నాను. ఏం తేవాలో రాయి.

మీ వదిన
శ్యామల